హాస్టల్ ఆంటీ సిఫారసు

అమీర్‌పేటలో నేనున్న హాస్టల్‌లో పిల్లలందరికీ ఆంటీ అంటే భయం. నాకు భయం కాదు, ఒళ్ళుమంట. ఆవిడకీ నేనంటే అంతే. పొద్దున్న టిఫిన్ దగ్గరే మొదలయ్యేది మా ఇద్దరికీ. "ఆంటీ, ఇవాళ ఉప్మాలో రాయి వచ్చింది" అనేదాన్ని ప్లేటు పట్టుకుని. "పళ్ళు గట్టిగానే ఉన్నాయిగా, నమిలెయ్" అనేది ఆవిడ. మిగతా పిల్లలు మా మధ్యకి రాకుండా గబగబా చట్నీ వేసుకుని తప్పుకునేవాళ్ళు.

హాస్టల్ అంటే పెద్ద భవంతేమీ ఊహించుకోకండి. ఎస్.ఆర్.నగర్ వైపు పోయే ఓ సందులో మూడంతస్తుల ఇల్లు. కింద వంటిల్లు, హాలు, ఆంటీ గది. పైనంతా మంచాలు. మంచాల మధ్య పక్కకి తిరిగి నడవాలి, లేకపోతే మోకాలు పగులుతుంది. కిటికీ తెరిస్తే ఎదురుగోడ నిండా జావా, ఒరాకిల్, టెస్టింగ్ అని బోర్డులు. ఆఖరికి మేము బట్టలారేసుకునే తీగకి కూడా ఎవడో కోచింగ్ సెంటర్ కాగితం తగిలించి పోయాడు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగాలు కుప్పలుగా పడున్నాయని ఊరూరా చెప్పుకునే రోజులవి. ఆ కుప్ప ఎక్కడుందో నాకు మాత్రం కనబడలేదు.

నేను నేర్చుకుంటున్నది టెస్టింగ్. ఎవరో రాసిన ప్రోగ్రాం తీసుకుని అందులో ఎక్కడ తప్పుందో, ఏం నొక్కితే చతికిలబడుతుందో వెతికి చెప్పాలి. మా సారు మొదటి రోజే అన్నారు: "తప్పు ఉందని చెప్తే చాలదు. ఏం చేస్తే వస్తోందో, ఏం చేస్తే రావట్లేదో చెప్పాలి." ఆ మాట నా నెత్తికెక్కింది. కోర్సులో ప్రోగ్రాములు తక్కువ, నేర్చుకోవాలనే ఆత్రం ఎక్కువ. ఇంక చేతికి దొరికింది హాస్టలే.

అప్పట్లో మా హాస్టల్‌లో చీటికీమాటికీ ఫ్యూజు పోయేది. దానికి కారణం మా ఇస్త్రీ పెట్టెలేనని ఆంటీ తేల్చి, వాటి మీద నిషేధం పెట్టింది. ఇంటర్వ్యూలకి నలిగిన చున్నీలతో వెళ్ళాల్సి వచ్చింది. నాకు మండింది. ఓ ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. ఒక్క గీజరు వేశాను, ఏమీ కాలేదు. గీజరూ ఇస్త్రీ పెట్టే కలిపి వేశాను, ఏమీ కాలేదు. కింద ఆంటీ ఇడ్లీ పిండికి గ్రైండరు వేసేదాకా ఆగి, పైన గీజరు వేశాను. ఢప్పుమంది. ఇల్లంతా చీకటి. మళ్ళీ ఫ్యూజు వేయించి మళ్ళీ అదే చేశాను, మళ్ళీ ఢప్పు. మెట్ల మీద నిలబడి "ఇస్త్రీ పెట్టెల తప్పేం లేదు ఆంటీ, మీ గ్రైండరుకీ గీజరుకీ పడట్లేదు" అని అందరికీ వినపడేలా ప్రకటించాను.

ఆవిడ సగం రుబ్బిన పిండి చేత్తో బయటికొచ్చింది. "నా పిండి తగలెయ్యడానికా నువ్వు చదువుకుంటున్నది?" అంది. నిషేధం ఎత్తేసింది గానీ, నాతో చాలా రోజులు మాట్లాడలేదు. గంటె చప్పుడుతోనే తిట్టేది.

నా రూమ్మేట్ బోధన్ నుంచి వచ్చింది. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడేది. నేర్చుకునేది ఒరాకిల్. "ఏం యార్, నీ నోరు జర బంద్ పెట్టరాదూ" అని నాకు రోజూ చెప్పేది. "గామెతోని లొల్లి పెట్టుకుంటే నీకే నుక్సాన్ అయితది."

ఆ పిల్ల మాట అప్పుడు చెవికెక్కలేదు. నాకున్న బెంగ వేరే. మా నాన్నగారు ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఒకటే మాట చెప్పేవారు: "జూన్‌లో బడి తెరుస్తారు. కరస్పాండెంట్ గారితో మాట్లాడాను. ఈలోపు ఉద్యోగం వస్తే సరే, లేకపోతే వచ్చి ఆరో తరగతికి లెక్కలు చెప్పు." బడి మా వీధి చివరే. ఇంట్లోంచి బడికి, బడిలోంచి ఇంటికి. నా కోపానికి ఆరో తరగతి పిల్లలు బతికి బట్టకట్టరు. వాళ్ళ సంగతి అలా ఉంచితే, అసలు నేనే బతకను. ఈ దుమ్మూ ధూళీ, ఈ షేర్ ఆటోలూ, ఈ ఇరుకు మంచం, ఇవన్నీ తిట్టుకుంటూనే నేను ఇక్కడే ఉండిపోవాలనుకున్నాను. జూన్ వచ్చేలోపు ఉద్యోగం రావాలి. అంతకు మించి నాకు ఇంకేమీ అక్కర్లేదు.

నాన్నగారు మంచివారే. తన వంతుగా ఒక సాయం కూడా చేశారు. లక్డీకాపూల్‌లో ఏదో ప్రభుత్వ ఆఫీసులో పనిచేసే చుట్టాన్ని, వరసకి నాకు బాబాయిని, నా మీదకి తోలారు. పరిచయం ఉంటే జరగని పని లేదని బాబాయి నమ్మకం. ఒకరోజు నన్ను సోమాజిగూడలో తనకు తెలిసిన ఒక కంపెనీ ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఏసీ గది, నున్నటి బల్ల. నేను నా రెజ్యూమే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"మా అన్నయ్య గారి అమ్మాయండీ" అని మొదలుపెట్టారు బాబాయి. "అంటే సొంత అన్నయ్య కాదు, మా పెదతాత గారి మనవడు. మీకు తెలుసు, మన వైపే, బాపట్ల దగ్గర."

ఆయన మొహం వెలిగిపోయింది. "బాపట్లా! మా పెద్దక్కని అక్కడే ఇచ్చాం!"

అక్కడి నుంచి వాళ్ళిద్దరూ బాపట్లలో దిగి, వీధివీధీ తిరిగి, ఎవరి పొలం గట్టు ఎవరు కలుపుకున్నారో అంతా మాట్లాడుకున్నారు. టీ వచ్చింది, అయిపోయింది. ఇక లేవాల్సిన సమయానికి ఆయనకి నేను గుర్తొచ్చాను. "ఇంతకీ అమ్మాయి ఏం చేస్తుంది?"

నేను నోరు తెరిచేలోపే బాబాయి అందుకున్నారు. "చాలా బుద్ధిమంతురాలండీ. ఏ పని ఇచ్చినా చేస్తుంది."

"రిసెప్షన్ చేస్తుందా?"

"చేస్తుందండీ."

"అకౌంట్స్?"

"చేస్తుంది."

"మా డ్రైవరు కూడా మానేశాడండోయ్" అని నవ్వాడాయన.

బాబాయి అదే ఊపులో "చేస్తుందండీ" అనేశారు.

రెజ్యూమే ఒళ్ళోనే ఉండిపోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో బాబాయి సంతోషంగా "చూశావా, ఎంత చక్కగా పరిచయం చేశానో! ఇంక ఫోన్ వస్తుంది చూడు" అన్నారు. నేను కిటికీ వైపు తిరిగి పళ్ళు కొరుక్కున్నాను. ఆ ఫోన్ ఇప్పటికీ రాలేదు. ఏ పనైనా చేస్తుందన్న మనిషిని ఏ పనికి పిలవాలో ఆయనకి మాత్రం ఏం తెలుసు పాపం!

ఇక అమీర్‌పేటలో ఇంకో దారి ఉండేది, అందరికీ తెలిసిన దారే. లేని అనుభవాన్ని రెజ్యూమేలో పెట్టించుకోవడం. ఏదో కన్సల్టెన్సీ వాడు పూర్తిగా కొత్త పిల్లకి బెంగళూరులో మూడేళ్ళు పని చేసినట్టు కాగితాలు తయారుచేసి ఇచ్చేవాడు. "గీడ అందరు గట్లనే పెడ్తున్నరు. నువ్వొక్కదానివే సచ్ చెప్తే ఏం ఫాయిదా?" అంది రూమ్మేట్. నాకు ధైర్యం చాల్లేదు. నీతి ఏమీ కాదు, బెంగళూరులో ఏ వీధిలో ఉన్నావని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని.

మా పై గదిలో పిల్ల మాత్రం పెట్టించుకుంది. పంజాగుట్టలో ఒక కంపెనీ వాళ్ళు తీసుకుందామనుకుని, ఆ పిల్ల చెప్పినవన్నీ నిజమో కాదో కనుక్కోమని ఒక కుర్రాణ్ణి హాస్టల్‌కి పంపారు. టై కట్టుకుని, ఫైలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆంటీ హాల్లో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. మేమంతా మెట్ల మీద ఊపిరి బిగబట్టి ఉన్నాం.

"ఈ అమ్మాయి మూడేళ్ళుగా ఉద్యోగం చేస్తోందటండీ?"

"మూడేళ్ళేంటి బాబూ, మొన్న వేసవిలో కాలేజీ అయి, దసరా వెళ్ళాక వచ్చిందా పిల్ల. సామాను దించేటప్పుడు ఆటోవాడితో పోట్లాడింది నేనేగా!"

పై గది పిల్ల అక్కడే మెట్టు మీద కూలబడి ఏడుపు లంకించుకుంది. ఆంటీ చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పడేసి, "ఇదిగో, ఇది కూడా రాసుకో" అంది కుర్రాడితో. "అబద్ధం రాసింది గానీ పిల్ల మొండిది. ఒక పని పట్టుకుంటే అన్నానికి పిలిచినా రాదు. చల్లారిపోయాక తిని, మళ్ళీ వెళ్ళి కూర్చుంటుంది. ఆ కన్సల్టెన్సీ వాడు ఎవడో దాన్ని చెడగొట్టాడు."

ఆ రాత్రి భోజనాల దగ్గర మేమందరం ఆంటీ మీద పడ్డాం. "అలా చెప్పేశారేంటండీ?" అని. "అడిగాడు, చెప్పాను" అంది ఆవిడ, పులుసు వడ్డిస్తూ. విచిత్రం ఏమిటంటే, ఆ పిల్లకి ఉద్యోగం వచ్చింది. మూడేళ్ళ అనుభవం ఉన్నదానిగా కాదు, కొత్తదానిగానే. ఆ కంపెనీలో మనుషుల్ని తీసుకునే మేడమ్ ఒకప్పుడు మా హాస్టల్‌లోనే, వంటింటి పై గదిలో ఉన్న మనిషట. ఆంటీ నోటి సంగతి ఆవిడకి బాగా తెలుసు. అంతకు ముందు మూడేళ్ళు, ఐదేళ్ళు అని కాగితాలు పట్టుకొచ్చిన వాళ్ళని తీసుకుని, కీబోర్డు ముందు కూర్చోబెట్టగానే వాళ్ళు నీళ్ళు నమలడం చూసి విసిగిపోయి ఉందట. ఆ రోజు నుంచి మా హాస్టల్ అడ్రసు కనబడితే చాలు, ఆంటీకి ఫోన్ కొట్టడం మొదలుపెట్టింది. తన స్నేహితురాళ్ళకి కూడా చెప్పింది. ఎవరి సంతకం ఎవరు పెట్టారో తెలియని అమీర్‌పేటలో మా ఆంటీ నోటిమాటకి గిరాకీ పుట్టింది.

ఆంటీకి ఈ గొడవంతా పెద్దగా అర్థమైనట్టు లేదు. ఫోన్‌లో అడిగితే ఎవరి గురించైనా ఒక చెడ్డా ఒక మంచీ చెప్పేది. "పొద్దున లేవదు, కానీ లేచాక పడుకోదు." "చేతిలో వస్తువు నిలవదు, కానీ పగలగొట్టింది తనే అని వచ్చి చెప్తుంది." పిల్లలు వంటింట్లోకి వెళ్ళి "నా గురించి మంచే చెప్పండి ఆంటీ" అని బతిమాలుకునేవాళ్ళు. "మంచి ఒక్కటే చెప్తే ఎవరు నమ్ముతారే, నేను నీ పెళ్ళి సంబంధం చూస్తున్నాననుకుంటారు" అనేది ఆవిడ.

ఇదంతా చూస్తుంటే నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే నా గురించి చెప్పడానికి ఆవిడ దగ్గర చెడ్డకి కొదవ లేదు, మంచే ఎక్కడ వెతుక్కుంటుంది?

మే నెల మధ్యలో అదే పంజాగుట్ట కంపెనీకి నేను ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఫ్లైఓవర్ కోసం చౌరస్తా అంతా తవ్వి పోశారు. మొహం మీద దుమ్ము, చెప్పుల్లో కంకర. పరీక్ష పెట్టారు, బాగా రాశాను. ఇద్దరు ప్రశ్నలు వేశారు, బాగానే చెప్పాను. చివరికి ఆ మేడమ్ దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడ నా కాగితం చూసి, అడ్రసు దగ్గర ఆగి, ఒక్కసారి నవ్వింది.

"అరే, ఆంటీ దగ్గరే ఉంటున్నావా! ఎలా ఉన్నారు?"

"బాగున్నారు మేడమ్" అన్నాను.

"ఇక్కడ నీకు అంతా ఓకే. నాకు కొంచెం పని ఉంది, తీరిగ్గా ఆంటీకి ఫోన్ చేసి మాట్లాడి చెప్తాను."

హాస్టల్‌కొచ్చి మంచం మీద పడిపోయాను. రూమ్మేట్ అంతా విని, కాళ్ళు మడుచుకుని కూర్చుని, పెద్ద మనిషిలా ఆలోచించింది. "జర సునో. ఇంక ఫోన్ రాలే గదా. టైమ్ ఉన్నది. ఇయ్యాల్టి నుంచి గామెకు మస్తు మస్కా కొట్టు. గా సాంబారు బాగున్నదను, గీ చారు బాగున్నదను. మాడిందని, పులిసిందని నోటికెల్లి ఒక్క శికాయత్ రావొద్దు. ఏమంటవ్?"

ఏమంటాను? జూన్ దగ్గరికొస్తోంది. సరేనన్నాను.

మర్నాడు పొద్దున దోసె అంచు మాడి ఉంది. నేను నవ్వాను. "కరకరలాడుతోంది ఆంటీ, చాలా బాగుంది." ఆవిడ అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి బీరకాయలు చెక్కుతానన్నాను. "ఏంటే, ఏం పగలగొట్టావు?" అంది. ఏమీ లేదన్నాను. ఆవిడ నమ్మక పైకెళ్ళి కుళాయిలన్నీ తిప్పి చూసుకుని వచ్చింది. రాత్రి ఆవిడ పక్కన కూర్చుని టీవీ సీరియల్ చూశాను. అత్త కోడలి పాలలో ఏదో కలుపుతుంటే ఇద్దరం కలిసి "అయ్యో" అన్నాం. ఆవిడ నన్ను ఓరగా చూసి, తన పాల గ్లాసు అటువైపు జరుపుకుంది.

అలా రెండు వారాలు. అబ్బ, ఏం నరకం! పప్పులో బెడ్డలు తగిలినా మింగేశాను. గురువారం పెరుగు పుల్లగా ఉంటే కళ్ళు గట్టిగా మూసుకుని "కమ్మగా ఉంది" అన్నాను. ఓ రోజు సాంబారు నోట్లో పెట్టుకుంటే ఏ రుచీ లేదు, వేణ్ణీళ్ళు తాగినట్టు ఉంది. ఆంటీ ఎప్పుడూ లేనిది నా ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని "ఎలా ఉందే?" అంది. "అమృతంలా ఉంది ఆంటీ" అన్నాను. ఆవిడ గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. రూమ్మేట్ బల్ల కింద నా కాలు తొక్కి "కమాల్ చేసినవ్" అని గొణిగింది.

మే నెల చివరికొచ్చింది. నాన్నగారు నాకు రైలు టికెట్ కూడా తీయించేశారు. సామాను కట్టుకోమన్నారు. నేను కట్టుకోలేదు, కట్టుకోకుండా ఉండలేక సగం కట్టి మంచం కిందకి తోశాను. అలాంటి ఓ ఆదివారం, మధ్యాహ్నం వంటవుతుండగా హాల్లో ఫోన్ మోగింది.

ఆంటీ చేతులు ఎప్పుడూ పిండిలోనో కూరల్లోనో ఉంటాయి కాబట్టి, మోచేత్తో స్పీకర్ బటన్ నొక్కి మాట్లాడటం ఆవిడకి అలవాటు. హాస్టల్‌లో అందరి గుట్టూ అందరికీ తెలిసేది ఇందువల్లే. ఆరోజు ఆవిడ పూరీ పిండి కలుపుతోంది. మోచేత్తో నొక్కింది. పంజాగుట్ట మేడమ్ గొంతు. నేనూ రూమ్మేటూ మెట్ల మీదకి ఒక్క ఉరుకు ఉరికాం.

బాగున్నారా, బాగున్నాను అయ్యాక మేడమ్ నా సంగతి ఎత్తింది. "టెస్టింగ్‌కి తీసుకుందామనుకుంటున్నాను ఆంటీ. ఎలాంటిది?"

ఆంటీ పిండి మీద ఇంకో రెండు గుద్దులు గుద్దింది. "రెండు వారాల క్రితం అడిగి ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోమనేదాన్ని. ఇప్పుడు చెప్పలేను తల్లీ."

రూమ్మేట్ నా చెయ్యి పట్టుకుంది.

"అదేంటి ఆంటీ? ఏమైంది?"

"అబద్ధాలు మరిగింది. మాడిన దోసె బాగుందంటుంది. పులిసిన పెరుగు కమ్మగా ఉందంటుంది. మొన్న కావాలనే దీనికొక్కదానికీ విడిగా ఉప్పు వెయ్యని సాంబారు పెట్టి చూశాను. అమృతమంది! నీకు తప్పులు పట్టే పిల్ల కదా కావాల్సింది? ఉప్పు లేదని చెప్పలేని పిల్ల నీకేం తప్పులు పడుతుంది?"

ఇంక నా వల్ల కాలేదు. రూమ్మేట్ చెయ్యి విడిపించుకుని మెట్లు దిగి హాల్లోకి వచ్చిపడ్డాను. "ఉప్పు లేదని నాకు తెలుసు!"

ఆంటీ తలెత్తింది. "మరి అమృతమన్నావేం?"

"మీరు ఈవిడకి ఫోన్‌లో నా చెడ్డే చెప్తారని! ఉప్పే కాదు, చింతపండూ లేదు దాంట్లో. మీ పెరుగు సోమవారం బాగుంటుంది, గురువారం పులుస్తుంది. ఎందుకో తెలుసా? బుధవారం మధ్యాహ్నం మీరు గుడికెళ్తారు, తోడు పెట్టిన గిన్నె పొయ్యి పక్కనే ఉండిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టమని ఎవరికీ చెప్పరు. పప్పులో బెడ్డలు కొత్త బస్తా విప్పిన వారమే వస్తాయి, ఆ తర్వాత రావు. అంటే మొదటి వారమే చాటలో పోసి చూసుకోవాలి. పై అంతస్తు బాత్రూమ్ గడియ బయట వర్షం పడితేనే పడదు, ఎండాకాలం బాగానే పడుతుంది. చెక్క ఉబ్బుతోంది! పోయిన వానాకాలం నుంచి చెప్తున్నాను, వింటేగా!"

ఊపిరి తీసుకోవడానికి ఆగాను. అప్పుడు ఫోన్‌లోంచి మేడమ్ గొంతు వినపడింది. "ఆ గడియ ఇంకా మార్చలేదా ఆంటీ?"

"నువ్వు ఊరుకోవే" అంది ఆంటీ ఫోన్‌తో.

"నేనున్నప్పుడు కూడా అంతే. వానొస్తే పాటలు పాడుతూ స్నానం చేసేవాళ్ళం, లోపల మనిషి ఉన్నట్టు తెలియాలని." ఫోన్‌లో పడీపడీ నవ్వుతోంది ఆవిడ. "మాకు కారణం మాత్రం తెలియలేదు."

ఆంటీ పిండి చేతులు దులుపుకుంది. నా వంక చూసింది, ఫోన్ వంక చూసింది. "విన్నావుగా. ఇదీ దీని సంగతి. ఈ ఇంట్లో తప్పు లేని వస్తువు ఒక్కటి మిగల్చలేదు. నా పరువు తీసింది, నా గ్రైండరు పరువు తీసింది. చెప్పినవన్నీ నిజమే, అదే నాకు మంట. రేపు నీ ఆఫీసులో కూడా అందరి మీదా ఇలాగే పడుతుంది. మీ వాళ్ళు ఏడుస్తారు. భరించగలిగితే తీసుకెళ్ళు."

"మాకు కావాల్సింది అదే ఆంటీ. రేపే పంపించండి."

ఆంటీ మోచేత్తో ఫోన్ కట్టేసి, నాకేసి చూసి, "నిలబడతావేం? పూరీలు ఒత్తు" అంది. నేను ఏడుస్తూ ఒత్తాను. ఒక్కటి కూడా గుండ్రంగా రాలేదు. రూమ్మేట్ తలుపు దగ్గర నిలబడి నెత్తి కొట్టుకుంటూ నవ్వుతోంది. "యా అల్లా! ఇజ్జత్ దీసి నౌకరి ఇప్పించిందే గామె!" సాయంత్రం నాన్నగారికి ఫోన్ చేసి టికెట్ రద్దు చేయించమన్నాను. ఆయన వెంటనే "బాబాయి పరిచయం చేసిన చోటేనా?" అన్నారు. నేను కాదన్నా ఆయన నమ్మలేదు. ఊళ్ళో అందరికీ అలాగే చెప్పుకున్నారు.

సోమవారం పంజాగుట్ట వెళ్ళాను. నాకో కుర్చీ, ఓ కంప్యూటర్, మెడలో వేసుకోవడానికి ఓ కార్డు ఇచ్చారు. మధ్యాహ్నం మేడమ్ నా కుర్చీ దగ్గరికి వచ్చి "భోంచేశావా?" అంది.

"చేశాను మేడమ్."

"అబద్ధం" అంది ఆవిడ. "లే, పద."

నేను బిత్తరపోయి చూశాను. నిజంగానే తినలేదు. కొత్త చోటు, ఎవరితో కూర్చోవాలో తెలియక కుర్చీలోంచి లేవలేదు. క్యాంటీన్‌కి నడుస్తుండగా ఆవిడే చెప్పింది. "నిన్న సాయంత్రం ఆంటీ నాకు మళ్ళీ ఫోన్ చేశారు. ఇంకో మాట చెప్పడం మర్చిపోయానన్నారు."

"ఏమన్నారు?" అన్నాను. ఇంకేం తప్పు మిగిలిందా అని నాకు దడ.

"ఊరందరి మీదా ఫిర్యాదు చేస్తుంది గానీ తన గురించి ఒక్క ముక్క చెప్పుకోవడం రాదన్నారు. జ్వరం వస్తే దుప్పటి ముసుగేసుకుని పడుకుంటుందట, ఎవరికీ చెప్పదట. తిన్నావా అంటే తిన్నానంటుంది, ఆ ఒక్కటీ నమ్మొద్దన్నారు. నువ్వే కనిపెట్టుకుని ఉండు తల్లీ అన్నారు."

నేను నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. సంక్రాంతి వెళ్ళాక ఓసారి నాకు బాగా జ్వరం వచ్చింది. కళ్ళు తెరిచినప్పుడల్లా తలగడ పక్కన స్టీలు గ్లాసులో మిరియాల పాలు ఉండేవి, వేడిగా. రూమ్మేట్ పెడుతోందనుకున్నాను, థాంక్స్ కూడా చెప్పాను. జ్వరం మత్తులో ఉన్నానుగా, ఆ పిల్ల "నాకు పాలు కాచుడు సుత రాదు" అంటే వేళాకోళమనుకున్నాను. ఆ రోజుల్లోనే ఆంటీ గ్రైండరు గొడవ వల్ల నాతో మాట్లాడటం లేదు.

ఆ రోజు క్యాంటీన్‌లో మేడమ్ ఎదురుగా కూర్చుని ఏం తిన్నానో గుర్తులేదు. సాయంత్రం షేర్ ఆటో దిగి సందులోకి పరిగెత్తాను. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. ఆంటీ వంటింట్లో పొయ్యి ముందు ఉంది. నా అడుగుల చప్పుడు విని, వెనక్కి తిరక్కుండానే, "ఏంటే, ఇవాళ ఏం తక్కువైంది?" అంది.

ఏమీ తక్కువ కాలేదు ఆంటీ అని చెప్పడానికి నోరు రాలేదు. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడ వెనక్కి తిరిగి నా మొహం చూసి, పీట వాల్చి, కంచం పెట్టింది.